మండె కట్టిన తంగేడు

విత్తనాల గది తాళం తీసేసరికి గురువారం పొద్దున తొమ్మిదీ పది అయింది. సాయంత్రం నాలుగింటికి సైదాని మెజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. మధ్యలో మిగిలింది ఏడు గంటలు, అందులోనూ పది నిమిషాలు తరుగు.

అన్వరీ గడప దగ్గర చెప్పులు విప్పి, లోపలికి అడుగు పెట్టకుండా ముందు వాసన చూసింది. అది ఆమె అలవాటు. ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టలు చేసే షెడ్డు మీది గదిలో ఆమె డిటెక్టివ్ ఆఫీసు. కాలని లారీ కాలిపోయిందని ఇన్సూరెన్సు అడిగే పెద్దమనుషుల్ని పట్టుకోవడం పదిహేనేళ్లుగా ఆమె వృత్తి. హత్య కేసులు ఆమె దాకా రావు. ఇది వచ్చిందంటే సైదా వల్లే. కింద షెడ్డు నడిపిన ఆమె తండ్రి దగ్గర పదేళ్లు సుత్తి పట్టినవాడు సైదా, ఇప్పుడు ఈ నర్సరీ వ్యాను నడుపుతున్నాడు. తండ్రి పోయిన రోజు జనాజా మోసిన భుజాల్లో ఒకటి అతనిది. అటువంటి మనిషి మీద హత్యానేరం పడుతుంటే ఇంట్లో కూర్చుని దువా చేసుకునే రకం కాదు ఆమె.

"తడి గోనె వాసన," అంది అన్వరీ.

"అదే ఆపా. ఈ గదిలో ఆ వాసన ఎప్పుడూ ఉండదు," అంది గుల్షన్. సైదా భార్య. నర్సరీలో విత్తనాలు ఏరే పని ఆమెది. నిన్నటి నుంచీ ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు గుంటలు పడ్డాయి.

గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్తుంటే కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది ఈ నర్సరీ. ఇక్కడ గులాబీలు, క్రోటన్లు దొరకవు. తంగేడు, వావిలి, బలుసు, పరికి... ఊరికే ఇచ్చినా ఎవరూ ఇంటికి పట్టుకెళ్లని అడవి పొదలు. పొరుగు జిల్లా అవతల మూతపడిన బొగ్గు గని ఒకటుంది. తవ్వినప్పుడు పైన పారబోసిన మట్టి అక్కడ కొండై కూర్చుంది, మెట్లు మెట్లుగా. గని రాకముందు ఆ నేల మీద ఏ పొదలున్నాయో అవే పొదల్ని ఆ మట్టి కొండ మీద మళ్లీ బతికించాలని ఏడేళ్లు తిప్పలు పడింది శాంభవి. అనంతపురం మెట్ట నేలలో పుట్టి, మొక్కల శాస్త్రం చదివి, ఈ వరి సీమలో ముళ్లపొదలు పెంచడానికి వచ్చిన మనిషి. నిన్న, బుధవారం పొద్దున ఏడింటికి, గుల్షన్ నీళ్లు పట్టడానికి తొట్టి మీది రేకు తీస్తే శాంభవి అందులో బోర్లా పడి ఉంది.

గదిలో అల్యూమినియం డబ్బాలు, జల్లెడలు, ఒక మూల కిరసనాయిలు స్టవ్వు, దాని మీద మసిబట్టిన గిన్నె. దూలానికి తీగ కట్టి ఎండిన మొక్కలు తలకిందులుగా వేలాడదీశారు, ఒక్కోదానికి ఒక్కో అట్టముక్క. అన్వరీ ఒకదాన్ని పట్టుకుని చూసింది. కొమ్మల చివర ఇంకా ఆకుంది, వేళ్లు మాత్రం కమిలి నల్లబడ్డాయి.

"గని మీద చచ్చిపోయినవి. మేడమ్ గారే పీకి తెచ్చారు. ఎందుకో నాకు చెప్పలేదు ఆపా."

స్టవ్వు పక్కన గోడకు ఆనించి నాలుగడుగుల ఉక్కు చువ్వ ఉంది, కొన సూదిగా సాగదీసింది. జానెడు మేర నీలం తిరిగి ఉంది. ఆటోనగర్ పిల్ల కాబట్టి ఆ రంగు ఆమె కంట పడింది. కంట పడింది కానీ మనసుకు పట్టలేదు. ఆ క్షణం ఆమె మనసంతా కిటికీ కింద బల్ల మీద ఉన్న మూట మీదే ఉంది. ఫోనుతో గది మొత్తానికి నాలుగు ఫొటోలు తీసి మూట దగ్గరికి నడిచింది.

"ఏమండీ అన్వరీ గారూ, టైర్లేమన్నా దొరికాయా?"

గుమ్మంలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జయదేవ్ నిలబడి ఉన్నాడు. వానలో కూడా ఇస్త్రీ చెడని యూనిఫారం. రెండేళ్ల కిందట ఒక లారీ కేసును ప్రమాదమని రాసి మూసేస్తే, అన్వరీ కాలకముందే విప్పి దాచిన టైర్లు పట్టుకుని దాన్ని తెరిపించి అతని చేతనే ముద్దాయిని పట్టించింది. ఆ అవమానం అతనికింకా అరగలేదు.

"టైర్లయితే పోయినసారిలాగే మీకంటే ముందే దొరికేవి సీఐ గారూ."

"క్లూస్ టీమ్ నిన్ననే పని ముగించుకుని వెళ్లింది. ఇక చూసుకోండి, ఎంతసేపైనా." జయదేవ్ టోపీ తీసి నీళ్లు దులిపాడు. "నా లెక్క సూటిగా ఉంది. సోమవారం నాలుగింటికి రావుగారు, అదే, ఈ పని కాంట్రాక్టరు అచ్యుతరామారావు గారు, ఇక్కడికొచ్చారు. శాంభవి అప్పుడే విత్తనం నానబోసింది. రేపీ వేళకి తీసి మూట కడతానని ఆయనతో అంది. నాలుగున్నరకి ఆయన వెళ్లిపోయారు. మూట కట్టి ఉందా, లేదా?"

"ఉంది."

"అంటే మంగళవారం నాలుగింటికి మనిషి బతికుంది. ఆ రోజు వానకి కూలీలు రాలేదు. రావుగారు పొద్దుణ్నించీ రాత్రిదాకా విజయవాడలో గని కంపెనీ వాళ్లతో మీటింగులో ఉన్నారు, పదిమంది సాక్షులు. నర్సరీలో ఉన్నది సైదా ఒక్కడే. పైగా పోయిన వారం మొక్కలు గని కొండ తూర్పు మెట్టు మీద దించాడని ఆవిడ అతన్ని అందరి ముందూ దులిపేసింది. తల వెనక దెబ్బ, ఊపిరితిత్తుల్లో నీళ్లు. ఇంకేం కావాలండీ?"

"పోస్టుమార్టంలో టైమెంత రాశారు?"

"నీళ్లలో నానిన శవం కదా. సోమవారం సాయంత్రం నుంచి మంగళవారం రాత్రి మధ్య ఎప్పుడైనా కావచ్చన్నారు."

"సోమవారం సాయంత్రమే అయితే?"

"అయితే సైదాని నేనే ఇంటి దగ్గర దింపొస్తాను. సోమవారం అయిదున్నరకి మొక్కల వ్యాన్‌తో గనికి బయల్దేరాడు. ఆవిడ గేటు దాకా వచ్చి సాగనంపింది, కూలీలంతా చూశారు. టోల్ గేటు కెమెరాలో ఉన్నాడు. తిరిగొచ్చింది మంగళవారం పొద్దున పదింటికి. నేను గుడ్డివాణ్ని కాదు. కానీ మూట అబద్ధం చెప్పదండీ." వాచీ చూసుకున్నాడు. "మూడింటికి స్టేషన్ నుంచి బయల్దేరతాం. ఈలోపల మీ దగ్గర ఏమన్నా ఉంటే తీసుకురండి. ఏడుపులు మాత్రం తేకండి."

చివరి మాట గుల్షన్ వైపు చూసి అన్నాడు. అన్వరీకి ఒళ్లు మండింది, కానీ కోపానికి కేటాయించే నిమిషాలు ఆమె దగ్గర లేవు.

జయదేవ్ వరండాలోకి వెళ్లి టీ తెమ్మన్నాడు. అన్వరీ మూట పైనున్న రాయి తీసి పక్కన పెట్టింది. తడి గోనె సంచి. ముడి లేదు, పురికొస లేదు. నాలుగు చెంగులూ లోపలికి మడిచి, ఒకదాని కింద ఒకటి దోపి, దోపిన వైపు కిందికి బోర్లించారు. కింద జానెడు మందాన వరిగడ్డి పరిచి ఉంది. ఒక్కో మడతకీ ఫొటో తీసి, మూట విప్పింది. కుళ్లు వాసన గుప్పుమంది. లోపల తంగేడు గింజలు, ఒక తవ్వెడు. పిడికెడు తీసి స్టీలు పళ్లెంలో వేస్తే టకటకమని మోగాయి.

గుల్షన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది.

"ఏమైంది?"

"ఇది మేడమ్ కట్టింది కాదు ఆపా."

"ఎలా చెప్పగలవు?"

"తంగేడు గింజ రాయి. చన్నీళ్లలో పదిరోజులుంచినా నూటికి నాలుగు ఉబ్బితే గొప్ప. మరిగే నీళ్లు పొయ్యాలి. సాయంత్రం పోసి వదిలేస్తే తెల్లారేసరికి నీళ్లు చల్లారతాయి. ఉబ్బిన గింజ ఉబ్బినట్టే సంచిలో మట్టిలోకి పోతుంది. ఉబ్బనిదానికి మళ్లీ మరిగే నీళ్లు. అంతే. మూట కట్టడం ఉండదాపా. కడితే ఇదిగో, ఇలాగే కుళ్లిపోద్ది." ఆమె వేళ్లు ఉబ్బిన నాలుగు గింజల్ని ఏరి చూపించాయి, నాలుగూ బూజుపట్టి ఉన్నాయి. "ఇంక ఈ గడ్డి. గడ్డితో చెద వస్తదని మేడమ్ ఒక్క పరక కూడా లోపలికి రానిచ్చేవారు కాదు."

"గడ్డి ఎక్కణ్నించి వచ్చినట్టు?"

గుల్షన్ కిటికీలోంచి చెయ్యి చూపించింది. కంచె అవతల పక్కవాళ్ల వరిగడ్డి వామి, ఒక పక్క లాగేసిన గుంట, వానకు నల్లబడి ఉంది.

"సోమవారం నువ్వు ఈ గదిలోకి రాలేదా?"

"రాలేదాపా. అందరం వ్యాన్‌లోకి మొక్కలు ఎక్కించాం. మంగళవారం వాన. మా ఆయన ఈ గది గడప తొక్కడు. మేడమ్ పట్నం వెళ్లారేమో అనుకుని మొక్కల షెడ్డులోనే ఉన్నాడు. పంపు వెయ్యలేదు, తొట్టి రేకు తియ్యలేదు. తీసి ఉంటే..."

అన్వరీ గోనె మడతల్ని మళ్లీ చూసింది. ఆమెకు సేద్యం తెలీదు. కానీ ఈ మూట ఎక్కడో చూసినట్టుంది. జూన్, జూలై నెలల్లో ఊళ్లమీద పోతుంటే అరుగుల మీద, చావిళ్లలో, రాళ్ల బరువు కింద వరసగా కనిపించే మూటలు. వరి విత్తనాన్ని ఇరవై నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టి, ఇరవై నాలుగు గంటలు తడి గోనెలో బిగించి ఉంచితే ముక్కు పగిలి మొలక వస్తుంది. మండె కట్టడం అంటారు దాన్ని. డెల్టాలో పుట్టినవాడికి నడక తర్వాత వచ్చే విద్య అది. అనంతపురం మెట్టలో వేరుశనగ మధ్య పెరిగిన శాంభవికి రాదు. సుత్తి దెబ్బల మధ్య పెరిగిన సైదాకి అసలే రాదు.

వరి తప్ప మరో విత్తనం ఎరగని చెయ్యి తంగేడుకు మండె కట్టింది.

పదీ నలభై అయిదుకి గేటు ముందు కారు ఆగింది, వెనకే ఒక మినీ బస్సు. కారులోంచి అచ్యుతరామారావు దిగాడు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు. మూడు తరాలుగా ఈ కాలవ కింద వరి పండించిన ఇల్లు. నేల కొంత కౌలుకిచ్చి, పదేళ్లుగా కాంట్రాక్టులు చేస్తున్నాడు. మనిషి నెమ్మదస్తుడని పేరు. కళ్లల్లో నిజంగానే తడి ఉంది.

"శనివారం తనిఖీ వాళ్లొస్తున్నారమ్మా," అన్నాడు అన్వరీతో. "తూర్పు మెట్టు బోసిగా కనబడుతోంది. ఈ రెండ్రోజుల్లో అక్కడ నాలుగు పొదలు నాటించాలి. శాంభవి మొదలెట్టిన పని ఆగిపోకూడదు కదా. ఆడవాళ్లందర్నీ బస్సులో పంపిస్తున్నా. గుల్షన్ కూడా వెళ్తే మంచిదేమో, ఇక్కడ కూర్చుని ఏడ్చేకంటే."

గుల్షన్ తల అడ్డంగా ఊపింది. "ఆయన్ని కోర్టుకి తీసుకెళ్తుంటే నేనెక్కడికో పోతానా?"

అన్వరీ ఒక్క క్షణం ఆలోచించింది. ఈ మనిషితో మాట్లాడాలి. విత్తనం సంగతి తెలిసిన గుల్షన్ ఎదురుగా ఉంటే ఆయన జాగ్రత్తపడతాడు. "వెళ్లు గుల్షన్. సాయంత్రం కబురు నేనే చెప్తాను. కోర్టు దగ్గర నువ్వు చెయ్యగలిగిందేం లేదు," అంది.

"మీరు పొమ్మంటే పోతానాపా." గుల్షన్ పలుగు పట్టుకుని బస్సెక్కింది. పదకొండింటికి బస్సు కదిలింది.

అన్వరీ గదిలోకి వెళ్లి, గోనెలో గింజలు పోసి, కావాలనే అడ్డదిడ్డంగా చుట్టి, ఆ మూట తెచ్చి వరండాలో అచ్యుతరామారావు కుర్చీ పక్కన పెట్టింది. ఒక చెంగు వేలాడుతోంది, గింజలు నాలుగు నేలమీద రాలాయి. స్తంభానికి ఆనుకుని జయదేవ్ టీ తాగుతున్నాడు. ఇదేం చోద్యమని కనుబొమలు ఎగరేశాడు.

"శాంభవి గారికీ మీకూ పడేదా అండీ?"

"కూతుర్లాంటిదమ్మా. మొండిది. నాకు మొక్కల సంగతి ఏం తెలుసు? ఆమె పెంచేది, నేను నాటించేవాణ్ని. విత్తనాల గదిలోకి నేను పోయేవాణ్ని కాదు."

"సోమవారం వెళ్లారుగా?"

"గుమ్మం దాకానే." ఆయన చూపు మూట మీద పడి పక్కకు తప్పుకుంది.

"ఎన్నింటికి?"

"నాలుగు. నాలుగున్నరకి ఇంటికెళ్లిపోయా."

"మళ్లీ రాలేదా?"

"ఎందుకొస్తానమ్మా?" చూపు మళ్లీ మూట మీదికి వెళ్లింది. వేలాడుతున్న చెంగు ఆయన్ని కంట్లో నలుసులా బాధపెడుతోంది. అన్వరీ చూడనట్టే నోటుపుస్తకంలో తల దూర్చింది.

"తనిఖీ వాళ్లకి శాంభవి గారు ఏమన్నా రిపోర్టు ఇవ్వాలా?"

"ఇవ్వాలి. ఎన్ని మొక్కలు బతికాయి, ఎన్ని చచ్చాయి, అదే." గొంతులో చిన్న తొందర. "అయినా చనిపోయిన మనిషి రిపోర్టుతో ఇప్పుడేం పని?"

"ఊరికే అడిగాను. ఈ మూట సంగతి నాకు అర్థం కావడం లేదండీ. పొద్దున విప్పాను, మళ్లీ కట్టడం చేతకాలేదు. కోర్టులో చూపించాలట, పాడైపోతుందేమో."

"ఇలా వదిలేస్తే గాలి తగిలి మొలక ఎండిపోదూ?" అన్నాడు అచ్యుతరామారావు. అని, వంగాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, చేతికి పట్టిన పని కూడా అంతే. ఆయన చేతులు గోనెను ఒక్కసారి కుదిపి గింజల్ని మధ్యకు చేర్చాయి. నాలుగు చెంగులూ లోపలికి మడిచాయి, ఒకదాని కింద ఒకటి దోపాయి, బొటనవేలితో అంచు నొక్కి మూటను బోర్లించాయి. తర్వాత ఆయన కళ్లు అటూ ఇటూ దేనికోసమో వెతికాయి.

"రాయి కావాలా అండీ?" అని అడిగింది అన్వరీ.

ఆయన చేతులు మూట మీదే ఆగిపోయాయి.

జయదేవ్ టీ గ్లాసు కింద పెట్టాడు. అన్వరీ ఫోను తీసి పొద్దుటి ఫొటోలు ఒక్కొక్కటీ అతనికి చూపించింది. అవే మడతలు, అదే వరస, అదే బోర్లింత.

"దీన్లో ఏముంది?" అన్నాడు అచ్యుతరామారావు, కొంచెం తేరుకుని. "ఈ చుట్టుపక్కల ఏ రైతయినా ఇలాగే కడతాడు. వెయ్యి మంది ఉంటారు."

"నిజమేనండీ. వెయ్యి మంది కడతారు. సీఐ గారూ, సోమవారం శాంభవి గారు ఏమన్నారని ఈయన మీకు రాసిచ్చారు? ఒక్కసారి చదవండి."

జయదేవ్ ఫైలు తెరిచాడు. చదివేటప్పుడు అతని గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "'తంగేడు విత్తనాన్ని ఇప్పుడే నీళ్లలో పోశాను, ఇరవై నాలుగు గంటలు నానాక, రేపీ వేళకి తీసి మండె కడతాను అని నాతో చెప్పింది.'"

అన్వరీ మూటలోంచి గింజలు తీసి పళ్లెంలో పోసింది. టకటక. "మూడు రోజులు తడి గోనెలో ఉన్న విత్తనం ఇది. గులకరాళ్లలా ఉంది. తంగేడుకు మరిగే నీళ్లు పొయ్యాలి, మండె కట్టకూడదు. ఏడేళ్లు ఇదే పని చేసిన మనిషి ఆ మాట అనదు. లోపల స్టవ్వు, గిన్నె అందుకే ఉన్నాయి. ఈ పద్ధతి కూలి పనికొచ్చే ఆడవాళ్లందరికీ తెలుసు, ఎవర్నైనా అడగండి. శాంభవి గారు అనని మాట ఈయన ఎందుకు విన్నట్టు?"

అన్వరీ అచ్యుతరామారావు వైపు తిరిగింది. రేకుల మీద వాన మోగుతోంది.

"అయిదున్నరకి వ్యాను, కూలీలు వెళ్లిపోయాక మీరు మళ్లీ వచ్చారు. పని అయిపోయాక, ఆమె మంగళవారం దాకా బతికున్నట్టు కనపడాలి మీకు. మంగళవారం మీకు పదిమంది సాక్షులున్నారు కాబట్టి. మీకు తెలిసిన విత్తనం పని ఒక్కటే. కంచె అవతల్నుంచి గడ్డి లాగారు, మూట కట్టారు, దానికి సరిపడా ఒక కబురు అల్లారు. ఈ ఊళ్లో వెయ్యి మంది మండె కడతారండీ. శాంభవి కట్టదు, సైదా కట్టలేడు."

"విత్తనం ఏదైనా విత్తనమే కదమ్మా," అన్నాడు అచ్యుతరామారావు. వాదిస్తున్నట్టు అనలేదు. తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

జయదేవ్ ఫైలు మూసి, కానిస్టేబుల్‌ని పిలిచాడు. "రావుగార్ని జీపెక్కించు." అన్వరీ వైపు తిరగకుండానే అన్నాడు: "రిమాండ్ కాగితాలు ఆపిస్తాను. సైదాని పూచీకత్తు మీద వదిలిపెడతాం. కానీ ఎందుకు చంపాడు? అది మీరు చెప్పలేదు."

"తెలిస్తే చెప్పనా?"

జీపు కదలబోతుంటే అచ్యుతరామారావు తల బయట పెట్టాడు. ఏదో ఒప్పుకోబోతున్నాడనుకుంది అన్వరీ. ఆయన అడిగింది ఒక్కటే. "బస్సు చేరిందో లేదో ఎవరైనా కనుక్కోండమ్మా." బేడీలు పడబోతున్నా పని ధ్యాస వదల్లేదని జయదేవ్ విసుక్కున్నాడు. అన్వరీ కూడా అలాగే అనుకుంది.

మూడూ ఇరవైకి స్టేషన్ మెట్ల మీద సైదా కనిపించాడు. ఒక్క రాత్రికే మనిషి కుంగిపోయాడు. అన్వరీని చూసి చేతులు జోడించబోతే ఆమె పట్టుకుని ఆపింది. అతని మణికట్టు మీద తాడు ఒరిసిన గుర్తు ఉంది.

"గుల్షన్ రాలేదా ఆపా?"

"పనికి పంపాను. ఫోన్ చేద్దాం, ముందు టీ తాగు."

సైదా టీ గ్లాసు అందుకున్నాడు కానీ తాగలేదు. "మేడమ్ చువ్వ గదిలోనే ఉందా? పోలీసులు పట్టుకెళ్లారా? దాన్ని తనిఖీ వాళ్లకి చూపించాలన్నారు మేడమ్. పోయిన నెల మన షెడ్డులోనే సాగదీశాను, కొత్త ఉక్కు."

అన్వరీ ఫోనులో పొద్దుటి ఫొటో తీసింది. గోడకు ఆనించిన చువ్వ, జానెడు నీలం కొన. ఇప్పుడు ఆ రంగు ఆమె కళ్లల్లో గుచ్చుకుంది. "దీన్ని కొలిమిలో మళ్లీ పెట్టావా?"

"లేదాపా. తెల్లగా ఇచ్చాను."

"మరి ఈ నీలం?"

"మట్టిలో దించితే వచ్చింది. తూర్పు మెట్టు మీద. మూడడుగులు దిగేసరికి చెయ్యి కాలి వదిలేశాను."

పచ్చగడ్డి ఎండిన రంగు వస్తే ఉక్కు మేలుకుంటోందని, నీలం వస్తే మూడొందల డిగ్రీలని, రంగు చూసి వేడి చెప్పలేనివాడు కొలిమి ఛాయలకు రాకూడదని ఆమె తండ్రి రోజుకు పదిసార్లు చెప్పేవాడు. ఆ షెడ్డులో పుట్టి పెరిగి, ఆ రంగు కళ్లారా చూసి, తను పక్కకు నడిచిపోయింది. కమిలిన వేళ్లను చేత్తో పట్టుకుని కూడా అడగలేదు. అన్వరీకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"మట్టిలో కలిసిపోయిన బొగ్గు లోపల రాజుకుంటోందని మేడమ్ అన్నారు," సైదా చెప్పుకుపోతున్నాడు. "మొక్కలు నీళ్లు లేక చావలేదు, వేళ్లు ఉడికి చచ్చాయన్నారు. పైన నేల మామూలుగానే ఉంటదంట, కింద కాలి గుల్లయిపోతదంట. వాన దిగితే పైపెంకు కూలిపోద్ది, మనిషన్నవాడు అడుగు పెట్టకూడదన్నారు, తనిఖీ దాకా ఇంట్లో కూడా చెప్పొద్దన్నారు. రావుగారు చెప్పారని నేను అక్కడ మొక్కలు దించితే అందుకే తిట్టారు. శనివారం అందరి ముందూ ఈ మాట చెప్తానని సోమవారం మధ్యాహ్నం రావుగారికి ఫోన్ చేశారాపా, నేను పక్కనే ఉన్నా."

"ఇదంతా పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"అడిగితే కదా. తిట్టిందా లేదా అనే అడిగారు." అన్వరీ మొహం చూసి అతను ఆగాడు. "గుల్షన్‌ని ఏ పనికి పంపారాపా?"

ఆమె గుల్షన్ నంబరు నొక్కింది. పదకొండుకి బయల్దేరిన బస్సు. రెండింటికల్లా చేరి ఉంటుంది. పందొమ్మిది మంది ఆడవాళ్లు. ఒకసారి కవరేజీ లేదంది. రెండోసారి మోగింది. స్పీకర్లో వాన చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు, తర్వాత గుల్షన్ గొంతు.

"ఆపా! వదిలేశారా ఆయన్ని?"

"వదిలేశారు. గుల్షన్, నేను చెప్పేది విను. మీరెక్కడున్నారు?"

"అల్లా! నాకు తెలుసాపా, మీరుంటే వదులుతారని. ఇక్కడే, తూర్పు మెట్టు మీద. సగం నాటేశాం. పొద్దుటి నుంచీ తడిసి చలికి వణికిపోయాం గానీ, ఇక్కడ నేల భలే వెచ్చగా ఉందాపా. అందరం చెప్పులు విప్పేసి కూర్చున్నాం."

సైదా చేతిలోని టీ గ్లాసు మెట్టు మీద పడి పగిలింది. ఫోనులో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది, ఆ తర్వాత అదీ తెగిపోయింది.